చెట్టు పడి ఉన్న దారి

ఈత, సైకిలు, పరుగు. మూడూ ఒకదాని వెంట ఒకటి, నడుమ కూర్చోకుండా చెయ్యాలి, దాన్ని ట్రయాథ్లాన్ అంటారు అని చెప్తే మా అమ్మ అడిగిన మొదటి మాట, "ఎవలన్న ఎంబడి వడి తరుముతరా ఏందే బిడ్డా?" అని. ఎవరూ తరమరమ్మా, మనంతట మనమే ఇష్టపడి చేస్తాం అన్నాను. అమ్మ కాసేపు నా మొహం వైపు చూసి, ఇక నాతో మాట్లాడి లాభం లేదన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను సిరోంచలో జిల్లా పరిషత్ బడిలో మరాఠీలో పాఠాలు చెప్పే తెలుగుదాన్ని. మా తాత కూలికి పోయి బతికాడు, మా బాపు వెదురు డిపోలో లారీ నడిపి నన్ను చదివించాడు. నలభై దాటాక నాకు ఈ పిచ్చి పట్టింది. ఈత నాకు కష్టం కాలేదు. మా అమ్మ తరఫు వాళ్ళు ప్రాణహితలో చేపలు పట్టేవాళ్ళు, నడక వచ్చిన ఏడాదే నన్ను నీళ్ళలో వేశారు. పరుగు బడి మైదానంలో, పిల్లలు రాకముందే ముగించేదాన్ని. ఇబ్బంది అంతా సైకిలుతోనే.

పోటీలో సైకిలు తొంభై కిలోమీటర్లు తొక్కాలి, అది కూడా ఒంటరిగా. ముందు వెళ్ళేవాళ్ళ వెనక గాలి చాటున తొక్కితే తప్పు కింద రాస్తారు. అందుకని ఒక్కదాన్నే అంత దూరం తొక్కడం అలవాటు చేసుకోవాలి. మొదట కొన్ని ఆదివారాలు మా ఆయన మోటార్ సైకిల్ మీద నా వెనకే వచ్చాడు. ఒకరోజు బండి ఆపి, "నీ ఎనక నడుపుడు కంటె ఎడ్లబండి ఎనక నడుపుడు నయం. నాకు నిద్రొస్తుంది, నేను పడి సస్తే నీకే పరేషాన్" అన్నాడు. అట్లా ఆ కాపలా పోయింది. పోతే పోయిందిలే, నాకేం భయమా అన్నాను.

భయమే. ఎందుకు దాచాలి? లారీలంటే భయం, రోడ్డు పక్క కుక్కలంటే భయం, ఆడది బిగుతు బట్టలు వేసుకుని సైకిలు తొక్కుతుంటే వెనక నెమ్మదిగా వచ్చే బండి అంటే మరీ భయం. ఊరు దాటేదాకా మా ఆయన పాత పొడుగు చేతుల చొక్కా పైన తొడుక్కుని, ఇళ్ళు కనుమరుగయ్యాక తీసి సంచిలో కుక్కుకునేదాన్ని. ఇంట్లో పదకొండేళ్ళ పిల్ల ఉంది నాకు. నేను బయల్దేరేసరికి అది బోర్లా పడుకుని నిద్రపోతూ ఉంటుంది. ప్రతి ఆదివారం తలుపు దగ్గరకు వేసేటప్పుడు, దీనికి తల్లిని తిరిగి తెచ్చి ఇవ్వాలి అనుకునేదాన్ని. సైకిలు తొక్కే వాళ్ళందరూ ఇట్లాగే అనుకుంటారో లేదో నాకు తెలియదు.

మామూలుగా పాతగూడెం వైపు వెళ్ళి, ఇంద్రావతి వంతెన మీద ఒక చెయ్యి ఆనించి తిరిగొచ్చేదాన్ని. ఇది జరిగిన వారం ఆ రోడ్డు పొడుగునా తవ్వి పోశారు. కంకర లారీల మధ్య దుమ్ము మింగుతూ తొక్కడం నా వల్ల కాదు అనిపించి, ఆలపల్లి రోడ్డు మీద కొంత దూరం పోయి, అడవిలోకి తిరిగే చిన్న తారు రోడ్డు పట్టుకున్నాను. అది అడవిలోపల చుట్టు తిరిగి మళ్ళీ పెద్ద రోడ్డుకే వచ్చి కలుస్తుంది. కొత్తగా వేసిన రోడ్డు. బండ్లు తక్కువ. వరి కోతల కాలం, చలి మొదలైంది.

ఆ ముందు రోజు స్టాఫ్‌రూంలో పెర్మిలి నుంచి బదిలీ మీద వచ్చిన సారు ఒకాయన, అటువైపు వరి మడుల్లో ఏనుగులు పడుతున్నాయని చెప్పాడు. ఛత్తీస్‌గఢ్ నుంచి దిగాయట, భామ్రాగడ్ అడవి దాటి వచ్చాయట. మా చిన్నతనంలో ఈ అడవిలో అట్లా తిరిగే ఏనుగులు లేవు. మేమంతా అయ్యో పాపం అన్నాం, మా దిక్కు అయితే రావులే అనుకున్నాం, టీ తాగాం. ఎక్కడి పెర్మిలి, ఎక్కడి సిరోంచ.

ఇప్పుడు మా బాపు నేర్పిన ఒక పద్ధతి చెప్పాలి, లేకపోతే తర్వాత నేను చేసిన పని ఎవరికీ అర్థం కాదు. నా చిన్నప్పుడు మా అడవుల్లో రోడ్డుకు అడ్డంగా చెట్టు పడి ఉందంటే అది గాలికి పడిన చెట్టు కాదు. లోపలోళ్ళు నరికి పడేసినట్టు. తుపాకులు పట్టుకుని అడవిలో తిరిగే వాళ్ళను మా ఇళ్ళల్లో ఆ ఒక్క మాటతోనే పిలిచేవాళ్ళు, అది కూడా గొంతు తగ్గించి. చెట్టు పడిందంటే బందు అన్నట్టు. ఆ చెట్టు కింద ఏదైనా పెట్టి ఉండొచ్చు, ముట్టుకుంటే పేలొచ్చు. తీసి పక్కన పెట్టినా తప్పే, ఎవరి పక్షమని అడుగుతారు. బాపు మా అన్నకూ నాకూ లారీలో కూర్చోబెట్టుకుని చెప్పేవాడు. "చెట్టును ముట్టద్దు బిడ్డా. దాటద్దు. దాని దిక్కు శానసేపు సూడద్దు. ఎనక్కి మర్లి ఉరకద్దు, పోలీసోళ్ళకు ఖబర్ ఇయ్యవోతున్నరనుకుంటరు. సప్పుడు జెయ్యకుంట రోడ్డు దిగి, అడివిలకెళ్ళి దూరంగ సుట్టు తిరిగి అవుతల ఎక్కాలె." వేరే ఊళ్ళల్లో పిల్లలకు అటూ ఇటూ చూసి రోడ్డు దాటమని చెప్పినట్టు మాకు ఇది చెప్పారు.

బాపుతో పాటు డిపోలో పనిచేసిన ఒకాయన తొందరలో కొమ్మ పట్టుకుని పక్కకు లాగాడు. ఆయన గురించి మా ఇంట్లో అంతవరకే చెప్పేవాళ్ళు. మిగతాది అడిగితే బాపు బీడీ ముట్టించుకుని బయటికి వెళ్ళేవాడు. ఇప్పుడు ఆ రోజులు చాలావరకు పోయాయి. రోడ్లు పడ్డాయి, టవర్లు లేచాయి, బందు అనే మాట విని ఎన్నాళ్ళయిందో. నా కూతురికి నేను ఈ చెట్టు సంగతి చెప్పనే లేదు, ఇక అవసరం రాదనుకున్నాను.

అడవి రోడ్డు ఎక్కేసరికి మంచు ఇంకా విడవలేదు. టేకు ఆకులు పెద్దవి కదా, ఒకటి రాలినా ఎవరో అడుగు వేసినట్టు వినిపిస్తుంది. ఆ చప్పుడుకు నేను తల తిప్పడం, సైకిలు వంకర పోవడం, నన్ను నేను తిట్టుకోవడం. ఫోన్లో సిగ్నల్ పోయింది. కొంతసేపటికి వెనక మోటార్ సైకిల్ శబ్దం వచ్చింది. నన్ను దాటి పోకుండా వెనకే వస్తోంది. పోతే పోవచ్చు కదా, రోడ్డంతా ఖాళీ. పెడల్ మీద కాళ్ళు గట్టిగా పడ్డాయి, ఎంత గట్టిగా తొక్కితే మోటారు బండిని మించుతాను నేను? చివరికి దాటింది. వెనక సీటుకు కోళ్ళ బుట్ట కట్టుకున్న ముసలాయన. కోళ్ళకు కుదుపు తగలకుండా నడుపుతున్నాడు, అంతే. నవ్వొచ్చింది కానీ, నా చేతులు హ్యాండిల్‌కు అతుక్కుపోయినట్టు బిగుసుకుని ఉన్నాయి.

సగం దాటాను. ఉప్పు చల్లిన ఉడకబెట్టిన ఆలుగడ్డ ఒకటి తొక్కుతూనే తిన్నాను. ఇక వెనక్కి పోవడం కంటే ముందుకు పోవడమే దగ్గర. ఒక మలుపు తిరిగాను.

రోడ్డుకు అడ్డంగా మద్ది చెట్టు పడి ఉంది.

నేను బ్రేకు ఎప్పుడు వేశానో నాకు గుర్తు లేదు. ఒక కాలు కింద ఆనింది, ఒక కాలు పెడల్‌కే ఇరుక్కుని ఉంది. ఈ సైకిలు బూట్లు అడుగున కొక్కెంతో పెడల్‌కు అతుక్కుంటాయి, మడమ పక్కకు తిప్పితే గానీ ఊడవు. ఆ చిన్న పని కూడా నాకు చేతకాలేదు. అయిపోయింది, నా పిల్లకు తల్లి లేకుండా పోయింది అనుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ మొదలైందా, ఈ రోజే మొదలవ్వాలా, నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడే మొదలవ్వాలా? బాపు చెప్పినట్టు చెట్టు వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. బయటి ఊరి వాళ్ళెవరైనా అయితే ముందు చెట్టునే చూసి ఉండేవాళ్ళు.

రంగు కళ్ళద్దాలు తీసేశాను, మొహం కనపడాలని. రెండు చేతులూ పైకెత్తాను. ఎవరూ కనపడని ఆ అడవికి నేను చెప్పుకున్నాను.

"అన్నా! నేను బడిల టీచర్‌ను! సిరోంచ మాది! సైకిల్ తొక్కుతున్న, గంతే! ఖబర్ లేదు, గిబర్ లేదు!"

తెలుగు రాని వాళ్ళయితే ఎట్లా అని మరాఠీలో కూడా అదే చెప్పాను, "మీ శిక్షికా ఆహే, దాదా!" అని. గోండీలో కూడా చెప్దామనుకున్నాను. బడి పిల్లల దగ్గర నేర్చుకున్న నాలుగు మాటలూ ఆ క్షణాన ఎటో పోయాయి. అప్పుడు కుడిచేతి వైపు వెదురు గుబురు వెనక ఫట్‌మని ఏదో విరిగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. విన్నారు, నన్ను చూస్తున్నారు అనుకున్నాను.

"పోతున్న అన్నా, ఇగ పోతనే ఉన్న" అన్నాను.

రోడ్డుకు ఎడమ పక్క వాగు, నిలువునా లోతుగా తెగి ఉంది. చుట్టు తిరగాలంటే కుడివైపే. ఎట్లాగో మడమ తిప్పి కాలు విడిపించుకుని, సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దిగాను. పరుగెత్తకూడదు. తల వంచుకుని, నేల చూసుకుంటూ, సంతకు పోయే మనిషిలా నడవాలి. నా సైకిలు చక్రం నడిపిస్తే టికటికమని మోగుతుంది, తొక్కేటప్పుడు ఎంత ముద్దుగా ఉండేదో అప్పుడంత పాడుగా ఉంది. బూటు ఏదో మెత్తటి దానిలో దిగబడింది. పేడ. ఇంకా ఆవిరి లేస్తోంది. బర్రెల మందను తోలుకొచ్చారు కాబోలు, అయితే మనుషులు దగ్గర్లోనే ఉన్నారు అనుకున్నాను. బర్రె అంత కుప్ప పెడుతుందా అన్న ఆలోచన నాకు రాలేదు. నా బుర్ర నిండా తుపాకులే ఉన్నాయి.

వెదురు అవతల ఎవరో పెద్దగా ఊపిరి వదిలారు. "అన్నా, ఇగో అయిపాయె, దాటిపోతున్న" అన్నాను, ఇంకా తల ఎత్తకుండానే. మళ్ళీ ఊపిరి. అది మనిషి ఊపిరి కాదు. అప్పుడు తల ఎత్తాను.

వెదుళ్ళ సందులో బూడిదరంగు గోడ కనపడింది. ఇంత అడవిలో గోడ ఎవరు కట్టారు అనుకున్నాను, దేవుడి మీద ఒట్టు, అదే అనుకున్నాను. ఆ గోడకు చెవి ఉంది. అది నెమ్మదిగా ముందుకూ వెనక్కూ ఊగింది.

ఏనుగు అన్న మాట తట్టడానికి నాకు కొంచెంసేపు పట్టింది. తట్టాక చెట్టు వైపు చూశాను. గొడ్డలి దెబ్బ ఒక్కటీ లేదు. వేళ్ళతో సహా మట్టి పెకిలించుకుని పడి ఉంది, మొదట్లో బెరడు పట్టీలు పట్టీలుగా ఊడదీసి ఉంది. చుట్టూ వెదుళ్ళు తొక్కి పడేసి ఉన్నాయి. ఎవరూ బందు పెట్టలేదు. పడేసింది ఎదురుగానే నిలబడి ఉంది, నేను దానికి అన్నా అన్నా అని దండాలు పెట్టుకుంటూ దాని ఒళ్ళోకే నడిచొచ్చాను. ఎవరైనా ఇంత తెలివితక్కువ పని చేస్తారా? మా దగ్గర అందరూ చేస్తారు. మాకు నేర్పిందే అది.

సైకిలు వదిలేశాను. వదలడం కాదు, చేతుల్లోంచి అదే జారింది, గడ్డి మీద పడి గణగణమంది. ఏనుగు చెవులు రెండూ ఒక్కసారి విచ్చుకున్నాయి. నేను వెనక్కి, వెనక్కి, ఇంకా వెనక్కి అడుగులు వేసి రోడ్డు మీద పడ్డాను. వచ్చిన దారినే పరుగెత్తుదామని తిరిగాను. ఆ దారి మధ్యలో, నేను ఇందాక సైకిలు ఆపిన చోట, ఏనుగు పిల్ల నిలబడి ఉంది. నా నడుము కంటే కొంచెం ఎత్తు. తొండం ఎటు పెట్టుకోవాలో తెలియనట్టు ఊపుకుంటోంది, నన్నే చూస్తోంది.

చూడటానికి ముచ్చటగానే ఉంది. కానీ తల్లికీ పిల్లకూ నడుమ పడ్డాను నేను. అడవిలో కుక్కపిల్ల దగ్గర కూడా ఆ పని చెయ్యకూడదని ప్రతి పిల్లవాడికీ తెలుసు. వెనక పిల్ల, కుడి పక్క తల్లి, ఎడమ పక్క వాగు. మిగిలింది చెట్టు ఒక్కటే.

చెట్టు దగ్గరికి పరుగెత్తాను. మొద్దు నా ఛాతీ ఎత్తున ఉంది. రెండు చేతులూ చాపాను. బెరడుకు బెత్తెడు దూరంలో చేతులు ఆగిపోయాయి.

చెప్తే నమ్మరు. వెనక వెదుళ్ళు పెళపెళా విరుగుతున్నాయి, ఏనుగు నడిచొస్తోంది, ఆ చెట్టు కింద ఏమీ లేదని నా కళ్ళతో నేను చూసుకున్నాను, అయినా నా చేతులు ఆ చెట్టును ముట్టడం లేదు. ముట్టుకో, ముట్టుకో అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను. నాకు ఆ కొమ్మ లాగినాయన గుర్తొచ్చాడు, నేను ఎప్పుడూ చూడని మనిషి. ఏనుగు తొక్కి చంపడమా, చెట్టు పేలి చావడమా, రెండింట్లో ఏది కావాలి అని ఎవరో అడుగుతున్నట్టు అక్కడే నిలబడ్డాను. బాపూ, ఏం చెయ్యాలె చెప్పు అని గట్టిగానే అన్నాను. బాపు దీని గురించి ఏమీ చెప్పలేదు.

వెనక నా సైకిలు నలిగిన చప్పుడు వినపడింది. ఇనుము అంత మెత్తగా నలుగుతుందని నాకు తెలియదు.

కళ్ళు మూసుకుని చెట్టు మీద పడ్డాను. చేతులు వేశాను, మొహం ఆనించాను, పొట్ట ఆనించాను. బూట్లు జారుతున్నాయి. ఒక బూటు కొమ్మల్లో ఇరుక్కుంటే కాలు లాగేసుకున్నాను. పేలుతుంది, ఇప్పుడు పేలుతుంది, ఇప్పుడే. పేలలేదు. అవతల తలకిందులుగా పడ్డాను, హెల్మెట్ ఠపీమని తారు మీద తగిలింది. రెండో బూటు కూడా విప్పి పారేసి లేచి పరుగెత్తాను. ఎంతో దూరం పోలేదు. కూలబడి, రోడ్డు పక్క పల్లంలోకి దొర్లాను. నేను ఇన్ని నెలలుగా రోజూ పరుగెత్తే మనిషినేనా అనిపించింది.

తలెత్తి చూస్తే తల్లి ఏనుగు పిల్ల దగ్గరికి చేరింది. తొండంతో దాన్ని తడుముతోంది. చెట్టు అవతలే ఉన్నాయి రెండూ, దాటి రాలేదు. బతుకు జీవుడా అనుకున్నాను. చప్పుడు చేయకుండా పడుకుంటే అవే పోతాయి, పడుకో, ఊపిరి కూడా మెల్లగా తీసుకో. నాకు ఇంకేమీ వద్దు, ఇంటికి పోతే చాలు. నా పిల్ల ఇప్పుడు లేచి ఉంటుంది, తల దువ్వమని వాళ్ళ నాన్నను సతాయిస్తుంటుంది.

అప్పుడు ఎదురుగా, ముందున్న ఏదో ఊరివైపు నుంచి మోటార్ సైకిల్ వచ్చింది. ఒక మగమనిషి, వెనక ఒక ఆడమనిషి, ఆమె చంకలో గుడ్డతో కట్టుకున్న పసిపిల్ల. బండి చాలా దూరంలోనే ఆగిపోయింది. చెట్టును చూశారు వాళ్ళు. ఏనుగులు కొమ్మల చాటున ఉన్నాయి, అంత దూరం నుంచి వాళ్ళకు కనపడవు. బండి ఆగిన తీరు చూడగానే నాకు తెలిసిపోయింది. మనిషి దిగాడు. చేత్తో భార్యకు సైగ చేశాడు. ఆమె దిగి తల వంచుకుంది. ఇద్దరూ చెట్టు వైపు చూడటం లేదు. అతను బండి ఇంజను ఆపి, నెమ్మదిగా తోసుకుంటూ రోడ్డు దిగుతున్నాడు. వెదుళ్ళ వైపు, ఏనుగులు ఉన్న వైపే.

వాళ్ళకు కూడా ఎవరో బాపు చెప్పే ఉంటాడు.

నేను అరవాలి. అరిస్తే అది నా మీదికి వస్తుంది. అరవకపోతే వాళ్ళు దాని కాళ్ళ కిందికి పోతారు, ఆ పసిదానితో సహా. ఇది ఆలోచించాల్సిన సంగతా అని ఇప్పుడు ఇంట్లో కూర్చుని అనుకుంటాను. అప్పుడు మాత్రం ఆలోచించాను. కొంచెంసేపే, కానీ ఆలోచించాను. తర్వాత నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. రోజంతా బడిలో అరిచే నోరు నాది, పక్క తరగతి సార్లు కిటికీలు మూసుకునే నోరు. ఆ నోట్లోంచి పిల్లి కూత కూడా రాలేదు. ఆమె ఒక కాలు గడ్డిలో పెట్టింది.

ఇక పల్లంలోంచి లేచి వాళ్ళ వైపు పరుగెత్తాను. చేతులు రెండూ ఊపుతూ, కాళ్ళకు బూట్లు లేకుండా, ఒంటికి అతుక్కున్న నల్లబట్టలతో, నెత్తిన హెల్మెట్‌తో. సగం దూరంలో గొంతు వచ్చింది. ఏమని అరిచానో తెలియదు, "ఆగుర్రి, హత్తీ, పోవద్దు" తెలుగూ మరాఠీ అన్నీ కలిపి ఏదో కూత పెట్టాను. వాళ్ళు తలెత్తి నన్ను చూశారు.

ఆ ఆడమనిషి మొహం నేను మరిచిపోలేను. నేను చెట్టును చూసి ఎట్లా బెదిరానో, ఆమె నన్ను చూసి అట్లా బెదిరింది. పసిదాన్ని రొమ్ముకు అదుముకుని వెనక్కి తిరిగి ఊరివైపు పరుగందుకుంది. మగమనిషి బండిని వెనక్కి తిప్పాడు, అది పడిపోయింది, లేపాడు, స్టార్ట్ కాలేదు, తోసుకుంటూనే పరుగెత్తాడు. "ఆగుర్రి! నేను మనిషినే!" అని అరుస్తూ నేను వాళ్ళ వెంట పడ్డాను. నేను దగ్గరైన కొద్దీ వాళ్ళు ఇంకా వేగంగా పరుగెత్తారు. నా వెనక ఏనుగు ఘీంకరించింది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం నాకు లేదు, ఏడుస్తూ, తిడుతూ, వాళ్ళను ఆగమంటూ, వాళ్ళు ఆగకూడదని కోరుకుంటూ పరుగెత్తాను. ఏనుగు రాలేదు. ఆ సంగతి ఊరు కనపడే దాకా నాకు తెలియదు.

ఊరి మొదట్లోనే జనం ఎదురొచ్చారు. గోండుల ఊరు. చేతుల్లో కట్టెలున్నాయి, నా కోసమే తెచ్చారనుకుంటాను. నేను రోడ్డు మధ్యలో కూర్చుండిపోయి హెల్మెట్ తీసి జుట్టు చూపించాను. "సిరోంచ టీచర్‌ను. ఏనుగున్నది. చెట్టు పడగొట్టింది అదే. పిల్ల కూడా ఉన్నది. అటు పోకుర్రి" అన్నాను. ఒక పెద్దాయన నా కాళ్ళ నుంచి కారే రక్తం చూసి కట్టె కింద పెట్టాడు. ఆ వెంటనే ఊరంతా లేచింది. కొందరు డప్పులు తెచ్చారు, ఒకతను సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కి ఫారెస్టు వాళ్ళకు ఫోన్ చేసి, మా ఆయన నంబర్ అడిగి అతనికీ చేశాడు. ఎవరో ముంతతో నీళ్ళు ఇచ్చారు. నా పళ్ళు ముంత అంచుకు టకటకా కొట్టుకున్నాయి, నీళ్ళు సగం ఒంటి మీదే పోశాను. సైకిలు ఏమైందని అడిగారు. ఏమైతే ఏం అన్నాను. దాని కోసం ఎన్నాళ్ళు ఎదురుచూసి కొన్నానో, ఆ మాట అంటుంటే నాకేమీ అనిపించలేదు.

ఇందాకటి మనిషి దూరంగా పాక గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. నా వైపు చూడలేక నేల చూస్తున్నాడు. అతని భార్య మాత్రం జనాన్ని తప్పించుకుని నా దగ్గరికి వచ్చి గొంతుకూర్చుంది. ఇరవై ఏళ్ళు దాటి ఉండవు. మా మాటే మాట్లాడింది, మధ్యమధ్య గోండీ కలుపుతూ.

"నిన్ను జూసి లోపలోళ్ళు అనుకున్నమక్కా" అంది. "గందుకే ఉరికినం."

"తెలుసు తీ" అన్నాను.

"లేకుంటె గా వెదుర్లకెళ్ళే దిగుదుము. మా మామ గట్లనే నేర్పిండు. దిగేటోళ్ళమే." అని ఆగిపోయింది. ఆ మాట ఆమె నాకు చెప్పడం లేదు, తనే ఇప్పుడు వింటోంది. కళ్ళు పెద్దవి చేసి రోడ్డు వైపు చూసింది, తర్వాత చంకలో పిల్లను చూసింది. గబగబా ఆ గుడ్డ ముడి విప్పి, పిల్లను తీసి నా ఒళ్ళో పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదనుకుంటాను. "జర పట్టుకో" అంది.

ఆడపిల్ల, ఏడాది కూడా నిండలేదు. అమ్మ అంత పరుగెత్తినా, నేను అంత అరిచినా ఏడవకుండా ఊరుకున్న పిల్ల నా మొహం వైపు గుడ్లప్పగించి చూసింది. వెచ్చగా ఉంది, పాల వాసన వస్తోంది. అప్పటిదాకా నాకు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఊరంతా చుట్టూ నిలబడి ఉండగా పెద్దగా, సిగ్గు లేకుండా వెక్కివెక్కి ఏడ్చాను. దానికి ఆ పిల్ల బెదిరిపోయి అది కూడా గుక్కపట్టింది, వాళ్ళమ్మ నా భుజం పట్టుకుని తనూ మొదలుపెట్టింది, ముగ్గురం ఆ రోడ్డు మీదే కూర్చుని చాలాసేపు ఏడ్చాం.